గారు లేని చోట గౌరవం

ఆఫీసులో మీకు మొదటి రోజు. యాభై ఏళ్ల మేనేజరు ఎదురొచ్చి, చెయ్యి చాచి, తన పేరు చెప్పాడు. ఆ పేరు పలకడానికి మీకు నోరు రాలేదు. "సార్" అన్నారు. "సార్ అక్కర్లేదు, పేరు పెట్టి పిలువు చాలు" అని ఆయన నవ్వాడు. మధ్యాహ్నం వంటగదిలోకి వెళ్తే అదే మనిషి చొక్కా చేతులు మడిచి, అందరూ తాగిన కప్పులు డిష్‌వాషర్‌లో సర్దుతున్నాడు. మీరు కంగారుపడి "ఇటివ్వండి, నేను చేస్తాను" అంటూ ముందుకు దూకారు. ఆయన వింతగా చూశాడు. మీరు పొద్దున తాగిన కప్పు మాత్రం మీ బల్ల మీదే ఉండిపోయింది.

ఆస్ట్రేలియా మర్యాదలో సగం ఈ ఒక్క సంఘటనలోనే ఉంది. మనకు గౌరవం భాషలోనే ఇమిడి ఉంటుంది. గారు, అండీ, మీరు, వారు, దయచేయండి అంటూ పలుకుతోనే పెద్దరికం ఇచ్చేస్తాం. ఇక్కడి ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. అంటే వీళ్లకు గౌరవం తెలియదనా? తెలుసు, అది చేతల్లో కనిపిస్తుంది. తాగిన కప్పు తనే కడుక్కోవడం, తన వంతు వచ్చినప్పుడు జేబులో చెయ్యి పెట్టడం, వరస తప్పకపోవడం, బస్సు దిగుతూ డ్రైవరుకు థాంక్స్ చెప్పడం. మేనేజరును సార్ అనకపోతే ఎవరూ పట్టించుకోరు. ఆఫీసు ఊడ్చే మనిషికి పొద్దున్నే హలో చెప్పకుండా దాటిపోతే మాత్రం గమనిస్తారు. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

1. పేరు పెట్టి పిలవండి, మీ పేరు సరిగ్గా పిలిపించుకోండి

మొదటి నెలలో చాలామంది చేసే పని ఏమిటో తెలుసా? పేరుతో పిలవలేక, సార్ అనలేక, అవతలి మనిషి తలెత్తే దాకా పక్కనే నిలబడతారు. వాళ్లకది ఇబ్బందిగా ఉంటుంది. ఇంట్లో అద్దం ముందు నిలబడి మీ టీమ్‌లోవాళ్ల పేర్లు పైకి అనండి. పదిసార్లు అంటే జంకు పోతుంది. యూనివర్సిటీలో ప్రొఫెసర్లను కూడా చాలావరకు పేరుతోనే పిలుస్తారు. బడిలో పిల్లలు మాత్రం టీచర్లను మిస్టర్, మిస్ అనే అంటారు. ఎవరిని ఎలా పిలవాలో తెలియనప్పుడు ఈమెయిల్ చివర వాళ్లు ఏ పేరు రాసుకున్నారో చూడండి. అదే పిలుపు.

మనకు బాగా దగ్గరగా అనిపించే సంగతి ఒకటుంది. ఈ నేల ఆదివాసులు, అంటే అబొరిజినల్ ప్రజలు, తమ పెద్దలను అంకుల్, ఆంటీ అని గౌరవంగా పిలుచుకుంటారు. సభలో ఒక పెద్దాయనను "అంకుల్ ఫలానా" అని పరిచయం చేస్తే మీరూ అలాగే పిలవండి.

ఇక మీ పేరు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. పాస్‌పోర్టులో అది ఏ గడిలో పడిందో దాన్నిబట్టి బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ మిమ్మల్ని ఇంటిపేరుతో పిలిచే ప్రమాదం ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడే "నన్ను ఇలా పిలవండి" అని చెప్పండి. ఫారాల్లో దానికి వేరే గడి తరచుగా ఉంటుంది. వెంకట సత్యనారాయణ "సత్య" కావడం మీ ఇష్టం. వాళ్లకు పలకడం రాదన్న మొహమాటంతో ఏదో ఇంగ్లీషు పేరు తగిలించుకోవద్దనే నేను చెబుతాను. నెమ్మదిగా రెండుసార్లు పలికి వినిపించండి, నేర్చుకుంటారు.

2. "హౌ యా గోయింగ్?" అంటే ఎక్కడికి వెళ్తున్నారని కాదు

కిరాణా కొట్టు కౌంటరు దగ్గర అమ్మాయి ఇలా అడుగుతుంది. కొత్తలో చాలామంది "ఇంటికి" అని జవాబిస్తారు. అది ఉత్త పలకరింపు. మనవాళ్లు "ఏం, భోంచేశారా?" అంటే కూరలన్నీ ఏకరువు పెడతామా? "గుడ్ థాంక్స్, యువర్‌సెల్ఫ్?" అంటే సరిపోతుంది. తిరిగి అడగడం మరిచిపోకండి, మర్యాద అంతా అందులోనే ఉంది.

మరికొన్ని మాటలు: ఆర్వో అంటే మధ్యాహ్నం తరువాతి పూట. బ్రెకీ అంటే పొద్దుటి ఫలహారం. సర్వో అంటే పెట్రోలు బంకు. టా అంటే థాంక్స్. కొందరి ఇళ్లలో "టీ" అంటే రాత్రి భోజనం. కాబట్టి "ఆరింటికి టీకి రండి" అన్నప్పుడు ఇంట్లో తినేసి వెళ్లకండి. ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

3. "బ్రింగ్ ఎ ప్లేట్"

పక్కింటావిడ "శనివారం మా ఇంట్లో బార్బెక్యూ, బ్రింగ్ ఎ ప్లేట్" అంది. పాపం, వాళ్లింట్లో కంచాలు సరిపోవేమో అనుకుని ఖాళీ ప్లేటుతో వెళ్లి నిలబడిన కథలు ఈ దేశానికి వలస వచ్చిన అన్ని జాతులవాళ్లూ చెప్పుకుంటారు. నలుగురూ పంచుకునేలా ఒక వంటకం చేసి తెమ్మని ఆవిడ ఉద్దేశం.

ఏం తీసుకెళ్లాలి? నన్నడిగితే పులిహోర. చల్లారినా బాగుంటుంది, శాకాహారులకూ పనికొస్తుంది, పసుపు రంగు చూసి అందరూ దగ్గరికొస్తారు. కాకపోతే ఒక్క జాగ్రత్త. వేరుశనగ గుళ్లు, జీడిపప్పు పడనివాళ్లు, ముఖ్యంగా పిల్లలు, ఇక్కడ ఎక్కువగా కనిపిస్తారు. ఆ ఎలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది. గుళ్లు, జీడిపప్పు మానేసి శనగపప్పు కాస్త ఎక్కువ వెయ్యండి. అందులో ఏమేం ఉన్నాయో చిన్న కాగితం మీద రాసి గిన్నె పక్కన పెట్టండి. బడికి పిల్లల డబ్బా కట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త. గుళ్లు వేసిన వంట తేవద్దని చాలా బడులు తల్లిదండ్రులను కోరతాయి.

కారం మీ ఇంటి కొలతలో సగం చాలు. ముప్పైమందికి వండి తీసుకెళ్లకండి. మనకది ఆప్యాయత, అక్కడ మాత్రం మిగతావాళ్లు తెచ్చినదంతా మిగిలిపోతుంది. ఆరేడుగురికి సరిపడా తెస్తే చాలు.

పిలుపులో "బీ వై ఓ" అని ఉంటే ఎవరి పానీయం వాళ్లు తెచ్చుకోవాలి. కొన్నిసార్లు ఎవరి మాంసం వాళ్లే తెచ్చుకోమంటారు.

మీరు మాంసం తినరా? వస్తానని చెప్పేటప్పుడే ఆ మాటా చెప్పండి. మొహమాటపడి, అక్కడికెళ్లి, రెండు సలాడ్ ఆకులు తిని ఆకలితో ఇంటికొస్తే బాధపడేది మీరొక్కరే కాదు, పిలిచినవాళ్లు కూడా. బార్బెక్యూ పెనం మీద ఒక మూల ఫాయిల్ పరిచి మొక్కజొన్న కండెలు, పనీరు కాల్చుకుంటానంటే ఎవరూ ఏమీ అనుకోరు. పార్కుల్లో అందరికోసం పెట్టిన కరెంటు బార్బెక్యూలు చాలాచోట్ల ఉచితం. వాడుకున్నాక పెనం గీకి, తుడిచి పెట్టి రండి. వెనక వచ్చే కుటుంబం మీ పేరు తెలుసుకోకపోవచ్చు గానీ మీ ముఖం గుర్తు పెట్టుకుంటుంది.

4. షౌట్: వంతు మరిచిపోతే ఎవరూ అడగరు, ఎవరూ మరిచిపోరు

శుక్రవారం సాయంత్రం నలుగురు కలిసి పబ్‌కు వెళ్లారు. ఒకడు "మై షౌట్" అని లేచి నలుగురికీ తనే కొన్నాడు. తరువాత ఇంకొకడు. మూడోసారి ఇంకొకడు. మీకు పని గుర్తొచ్చి లేచి వచ్చేశారు. తప్పేముంది? మూడు గ్లాసులు తాగి, మీ వంతు ఎగ్గొట్టి వచ్చారు. ఎదురుగా ఎవరూ ఏమీ అనరు. చులకన అక్కడే మొదలవుతుంది.

మద్యం తాగనివాళ్ల మాటేమిటి? లెమనేడో ఆరెంజ్ జ్యూసో తాగుతూ మీ వంతు మీరూ కొనండి. లెమన్ లైమ్ అండ్ బిటర్స్ అని ఒకటి దొరుకుతుంది. అందులో కొన్ని చుక్కల మద్యం ఉంటుంది కనుక అసలే ముట్టనివాళ్లు అది మానండి. త్వరగా వెళ్లాలంటే మొదటి వంతు మీరే తీసుకోండి. లేదా "నాది నేనే కొనుక్కుంటాను" అని మొదట్లోనే చెప్పండి, అదీ పూర్తిగా మర్యాదే. మనవాళ్లలా బిల్లు చేతిలోంచి లాక్కుని "నేనిస్తా అంటే నేనిస్తా" అని పెనుగులాడటం మాత్రం వద్దు.

తాగి బండి నడపడం గురించి చట్టం కఠినం. మామూలు లైసెన్సుకు రక్తంలో మద్యం 0.05 శాతం కంటే తక్కువ ఉండాలి. బండి నేర్చుకుంటున్న, కొత్తగా లైసెన్సు వచ్చిన ఎల్, పీ ప్లేట్లవాళ్లకు సున్నా. తాగకుండా అందరినీ ఇంటికి దించే మనిషంటే ఇక్కడ అందరికీ ఇష్టం. తాగనివాళ్లకు స్నేహాలు కలిపే సులువైన దారి అది.

హోటల్లో టిప్పు ఇచ్చి తీరాలన్న నియమం లేదు. వడ్డించేవాళ్లకు జీతం చట్ట ప్రకారం వస్తుంది. నచ్చితే ఇవ్వండి.

5. "ఇవ్వండి"లోని "అండి" ఎక్కడ పోయింది?

"కాస్త నీళ్లివ్వండి" అనే మాటలో ఎంత వినయం ఉందో మనకు తెలుసు. అదే మాటను ఇంగ్లీషులోకి మార్చి "గివ్ మీ వాటర్" అంటే ఆ అండి రాలిపోయి, ఆజ్ఞ ఒక్కటే మిగులుతుంది. మీ మనసులో ఏ దురుసూ లేకపోయినా అవతలివాళ్లకు వినిపించేది అదే. మనవాళ్లు కరుకుగా మాట్లాడతారన్న అపోహ చాలావరకు ఇక్కడే పుడుతుంది.

దీనికి విరుగుడు సులువే. ఏది అడిగినా "కుడ్ ఐ" అని మొదలుపెట్టండి, "ప్లీజ్"తో ముగించండి, చేతికి అందగానే "థాంక్స్" అనండి. మన ఇళ్లలో అన్నం పెట్టిన అమ్మకు ధన్యవాదాలు చెబితే "ఏంట్రా, పరాయివాడిలా" అంటుంది. ఇక్కడ భార్యాభర్తలు కూడా ఉప్పు అందించినందుకు థాంక్స్ చెప్పుకుంటారు. అది పరాయితనం కాదు, వాళ్ల ఇంటి అలవాటు. వారం రోజులు కావాలని ఎక్కువగా చెప్పి చూడండి, నాలుకకు అలవాటైపోతుంది.

6. ఆఫీసులో మాట ఒకటి, అర్థం మరొకటి

"నాట్ బ్యాడ్" అంటే బాగుందని. "యా, నా" అని సాగదీస్తే వద్దని. "వీలుంటే అది ఒకసారి చూస్తావా?" అని మేనేజరు అంటే మీ తీరికకు వదిలేశాడనుకోకండి. అది పనే, చేసి పెట్టాలి.

మన వైపునుంచీ ఒక చిక్కుంది. పెద్దవాళ్లకు కాదని చెప్పలేక "సరే" అంటాం, లేదా తల అటూ ఇటూ ఊపుతాం. ఆ ఊపులో అవునుందో కాదుందో వాళ్లకు తెలియదు. గురువారానికి పని పూర్తి కాదని మంగళవారమే చెబితే ఎవరికీ కోపం రాదు. గురువారం సాయంత్రం చెబితే నమ్మకం పోతుంది. అర్థం కానప్పుడు "మళ్లీ చెబుతారా?" అని అడగడం ఇక్కడ చిన్నతనం కాదు.

డిగ్రీలు, ర్యాంకులు, జీతం అడగకుండానే చెప్పుకునేవాళ్లను ఇక్కడ ఇష్టపడరు. అందరికంటే ఎత్తు పెరిగిన గసగసాల పువ్వును తుంచేస్తారనే అర్థంలో "టాల్ పాపీ" అనే మాట ఉంది. ఇంటర్వ్యూలో మాత్రం మీరు చేసిన పని మీరే చెప్పాలి, దాచుకోవద్దు. "ఈ భాగం నేను చేశాను, దీనివల్ల ఇంత సమయం కలిసొచ్చింది" అని లెక్క చెప్పండి. "నా అంతవాడు లేడు" అన్న ధ్వని రాకుండా ఉంటే చాలు.

7. ఇల్లు, ఇరుగుపొరుగు

గృహప్రవేశానికి తెలుగువాళ్లనీ పక్కింటివాళ్లనీ కలిపి పిలుస్తున్నారా? పిలుపులో ఆరు గంటలని రాశారంటే పక్కింటివాళ్లు ఆరింటికే పువ్వులు పట్టుకుని గుమ్మంలో ఉంటారు. అప్పటికి మీ వంటే దిగి ఉండదు. వాళ్లకు నిజమైన సమయం చెప్పండి. చెప్పులు విడవాలని, మాంసం ఉండదని, కింద కూర్చోవాల్సి రావచ్చని, మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ ఉందని ముందే చెప్పండి. ఇష్టంగా వస్తారు. వాళ్లు తెచ్చిన బహుమతిని లోపల దాచకుండా ఎదుటే విప్పి చూసి రెండు మంచి మాటలు చెప్పండి.

హోమం ఉంటే పొగ అలారం మోగుతుంది. అపార్ట్‌మెంట్లలో అయితే ఫైరింజన్ రావచ్చు, ఆ ఖర్చు మీ మీద పడవచ్చు. యాజమాన్యంతో ముందే మాట్లాడండి. పెరట్లో చేద్దామనుకుంటే వేసవిలో ఆ రోజు "టోటల్ ఫైర్ బ్యాన్" ఉందేమో చూడండి. కార్చిచ్చుల భయంతో ప్రకటించే ఆ రోజుల్లో ఆరుబయట నిప్పు పెట్టడం నేరం. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ లాంటి రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా దీపావళి టపాసులు కాల్చడం కూడా నేరమే. దీపాలు ఎన్నయినా పెట్టుకోండి.

మీరు ఎవరింటికైనా వెళ్లేటప్పుడు చెప్పకుండా వెళ్లకండి. ఇద్దరిని పిలిస్తే ఇద్దరే వెళ్లండి. పిల్లలనూ రమ్మన్నారో లేదో అడగండి. ఊరినుంచి వచ్చిన అత్తగారినో బావగారినో వెంటబెట్టుకెళ్లాలంటే ఒక్క మెసేజి పెట్టండి. దాదాపు ఎప్పుడూ రమ్మనే అంటారు.

వీధిలో అందరూ బిన్‌లు చెత్త తీసుకెళ్లే ముందురోజు రాత్రి బయట పెడతారు, ఖాళీ కాగానే లోపలికి లాగేస్తారు. ఏ రంగు మూత ఉన్న బిన్‌లో ఏ చెత్త వెయ్యాలో మీ కౌన్సిల్ చెబుతుంది. కాలిబాట పక్కనున్న గడ్డిని చాలాచోట్ల ఇంటివాళ్లే కోస్తారు. రాత్రి పాటలు, డాన్సులు ఉంటే రెండు రోజుల ముందు పక్కవాళ్ల పోస్టు డబ్బాలో చీటీ వెయ్యండి: ఫలానా రోజు వేడుక, ఇన్ని గంటలకు ఆపేస్తాం, ఇబ్బంది అయితే ఈ నంబరుకు చెప్పండి. ఆ చీటీ చూసినవాళ్లు పోలీసులకు కాకుండా మీకే ఫోన్ చేస్తారు.

8. అడగకూడనివి, అడగదగినవి

మనకు ప్రేమతో వచ్చే ప్రశ్నలే ఇక్కడ గుచ్చుకుంటాయి. వయసెంత, జీతమెంత, ఇల్లు ఎంతకు కొన్నారు, పెళ్లి ఎందుకు కాలేదు, పిల్లలెందుకు లేరు, కాస్త లావయ్యారే! ఇవేవీ వద్దు. వారాంతం ఎలా గడిచింది, మీ కుక్క పేరేమిటి, ఫుట్‌బాల్‌లో ఏ జట్టు మీది అని అడగండి. మెల్‌బోర్న్‌లో ఆ ఆట ఏఎఫ్ఎల్, సిడ్నీ, బ్రిస్బేన్‌లలో ఎక్కువగా రగ్బీ లీగ్. జట్టును అభిమానించడానికి ఇక్కడి మాట "బారక్". అమెరికావాళ్ల "రూట్" అనే మాట వాడకండి, ఇక్కడ దానికి బూతు అర్థం ఉంది.

9. సర్దుకోవడం వేరు, పడి ఉండటం వేరు

ఇక్కడివాళ్లు దగ్గరివాళ్లను ఆటపట్టిస్తారు. మిమ్మల్ని ఆటపట్టించారంటే కలుపుకుంటున్నారని కూడా అర్థం. కానీ మీ రంగు, మతం, యాస పట్టుకుని కించపరిస్తే అది వేళాకోళం కాదు. జాతి వివక్షను నిషేధించే చట్టం ఇక్కడ 1975 నుంచే ఉంది. "ఆ మాట నాకు నచ్చలేదు" అని నిదానంగా చెప్పండి. ఆగకపోతే రాసిపెట్టుకుని పైవాళ్లకు ఫిర్యాదు చెయ్యండి.

విద్యార్థులు ఒక మాట వినండి. మన భాష మాట్లాడే యజమానే "ముందు రెండు వారాలు పని నేర్చుకో, తరువాత చూద్దాం" అని ఊరికే పని చేయించుకుంటే అది మర్యాద కోసం భరించాల్సిన సంగతి కాదు. వీసాకు భయపడి నోరు మూసుకోకండి. జీతం, పని హక్కుల ఫిర్యాదులు చూసే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ ఫోన్ నంబరు 13 13 94. ఇంగ్లీషు తడబడితే 131 450కి ఫోన్ చేసి దుబాసీని అడగవచ్చు. ప్రాణాపాయంలో 000.

10. ఈ నేలను, దాని జ్ఞాపకాలను గౌరవించండి

సభలు, మీటింగులు మొదలయ్యే ముందు ఒకరు లేచి ఈ నేల అసలు వారసులను తలచుకుంటారు. మెల్‌బోర్న్‌లో వురుంజరీ అనో, సిడ్నీలో గాడిగల్ అనో మీరు వింటారు. ఆ నిమిషం ఫోన్ చూడకండి, మాట్లాడకండి. 65 వేల ఏళ్లుగా ఇక్కడ బతుకుతున్నవాళ్ల పేర్లవి. వాళ్ల పిల్లలను ప్రభుత్వాలు తల్లుల ఒడినుంచి తీసుకెళ్లిన కాలం ఉంది. దానికి 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

జనవరి 26 మనకు గణతంత్ర దినోత్సవం. ఇక్కడ అదే రోజు ఆస్ట్రేలియా డే. 1788లో ఆ రోజున బ్రిటిష్ వాళ్లు సిడ్నీ కోవ్‌లో జెండా పాతారు. అందుకే ఎంతోమంది ఆదివాసులకు అది దుఃఖదినం. ఎవరికైనా "హ్యాపీ ఆస్ట్రేలియా డే" అనేముందు ఎదుట ఉన్నది ఎవరో చూసుకోండి.

ఏప్రిల్ 25 యాంజాక్ డే. 1915లో ఆ రోజున ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు టర్కీలోని గల్లిపోలి తీరంలో దిగారు. కంచరగాడిదల మీద ఫిరంగులు మోసుకుంటూ భారతీయ సైనికులు కూడా అదే రోజు వాళ్లతోపాటు దిగారు. ఈ సంగతి తెలిసిన తెలుగువాళ్లు తక్కువ. ఒక్క ఏడాదైనా మీ ఊళ్లో తెల్లవారుజామున జరిగే సంస్మరణకు వెళ్లండి. టికెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. చీకట్లో వందలమంది మాటా పలుకూ లేకుండా నిలబడి ఉంటారు. బ్యూగిల్ మోగేటప్పుడు టోపీ తీసెయ్యండి. ఆ తరువాతి మౌనంలో చప్పట్లు కొట్టకండి, ఫొటోలు తీయకండి. పక్కనున్న ముసలాయన చొక్కాకు రోజ్‌మేరీ రెమ్మ ఉంటుంది, అడిగితే మీకూ ఒకటి తుంచి ఇస్తాడు. పిల్లలను తీసుకెళ్తుంటే స్వెట్టర్లు వెయ్యండి, ఆ వేళకు చలి బాగా ఉంటుంది.